మూడో పిలుపుకు గడప దిగాలి

తిరుమలగిరి పక్క మన ఊరు
12 జూన్ 2023

బిడ్డా మెర్సీ,

నీ మేనత్త నాగులమ్మ రాస్తున్న. నేను మంచిగున్న. కుడి చెవి మాత్రం రాజీనామా ఇచ్చింది, ఎడమది సగం జీతానికి పనిచేస్తాంది. సర్కారు దవాఖానల ఇచ్చిన మిషన్ పెట్టుకుంటే చెవుల ఈల వేస్తది. తీసి బియ్యం డబ్బాల పడేసిన. ఫోన్ల నువ్వు మాట్లాడితే నాకు వడ్లమిల్లు నడిచినట్టే ఉంటది. అందుకే ఉత్తరం రాయి. మీ నాయిన ఇస్రాయేలు కోర్టుల జవానుగా ఉన్నన్ని ఏండ్లు ఈ అక్కకు నెలకో ఉత్తరం రాసిండు. తమ్ముడు పోయినంక ఆయన బదులు నీకు క్లర్కు నౌకరీ ఇచ్చిన్రు గానీ, ఆయన ఉత్తరాల డ్యూటీ ఎవలు చేస్తరు?

అసలు సంగతి విను. సోమమ్మ నీ కాడికి వస్తది. మన ఊరి ఆడబిడ్డే, మీ కల్వకుర్తి దిక్కు ఇచ్చినం. మొగడు కొడుతుండు. నేను మహిళా సంఘం లీడరును గద, నా కాడికొచ్చి ఏడ్చింది. నీ పేరు మీద చీటీ రాసిచ్చిన. జర తొందరగా గెలిపించి పంపు. నా మేనకోడలు కోర్టుల కూసొని తీర్పులిస్తదని పదూళ్లకు చెప్పుకున్న, నా మాట పోవద్దు.

మీ బావ డానియల్ ట్రాలీ ఆటో నడుపుతుండు, ఆదివారం గుడిల డోలక్ కొడుతుండు. మందు ముట్టడు, చుట్ట ముట్టడు. ఏ తల్లికుంటడు గిసొంటి కొడుకు! కోడలు రూప బోరింగ్ కాడ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నది. వంట నా మెడకు పడ్డది. పచ్చిపులుసు గూడ మాడబెట్టే మొనగత్తెనని సంఘమోళ్లు నవ్వుతున్రు.

నీ సగం చెవి అత్త,
నాగులమ్మ

*

కల్వకుర్తి
20 జూన్ 2023

అత్తమ్మకు వందనాలు.

నీ సోమమ్మ వచ్చింది. వచ్చి నా బల్ల దగ్గర ఆగిందా? ఆగలేదు. కోర్టు నడుస్తుండగా నేరుగా మేజిస్ట్రేట్ మేడమ్ ముందుకు పోయి, నీ చీటీ చాచి, "నాగులమ్మ పంపింది, జర చూడున్రి" అంది. మేడమ్ చీటీ తిప్పి చూసి, నన్ను చూసి, "ఎవరీ నాగులమ్మ? హైకోర్టులోనా?" అని అడిగారు. లాయర్లందరూ నవ్వారు. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ చీటీ ఇప్పుడు నా డబ్బాలో ఉంది, ఎప్పుడైనా నీ పరువు తీయడానికి.

అత్తమ్మా, నేను తీర్పులివ్వను. వచ్చిన పిటిషన్‌కు నంబరు వేస్తాను, నోటీసు తయారుచేస్తాను, ఫైలు కుట్టి మేడమ్ బల్ల మీద పెడతాను, పిలిచినప్పుడు ఎవరు వచ్చారో ఎవరు రాలేదో రాస్తాను. ఇంతే నా రాజ్యం. పార్టీలతో, అంటే కేసుకొచ్చిన మనుషులతో, కేసు గురించి మాట్లాడితే నా నౌకరీకే ముప్పు. కానీ ఈ ఇంతలోనే చేయగలిగింది చాలా ఉంది. నాయిన జవానుగా వాకిట్లో నిలబడి పేర్లు పిలిచేవాడు కదా. మూడుసార్లు పిలిచి రాకపోతే 'పిలువగా రాలేదు' అని రాస్తారు, కొన్నిసార్లు ఆ ఒక్క మాటకే కేసు పోతుంది. నాయిన రెండు పిలుపులు గడప మీద నుంచి పిలిచేవాడు, మూడోది గడప దిగి చెట్టు కిందికి పోయి మనుషుల ముఖాలు చూసి పిలిచేవాడు. "భయపడ్డ మనిషికి సొంత పేరు గూడ వినబడదు బిడ్డా, మూడో పిలుపుకు గడప దిగాలె" అనేవాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న గాలయ్య ఇప్పటికీ అలాగే పిలుస్తాడు.

ఇక మీ సంఘంలో చెప్పదగిన మాట ఒకటి ఉంది, ఇది ఎవరికైనా చెప్పొచ్చు. ఇంట్లో కొట్టే మనిషి మీద దరఖాస్తు పెట్టుకోవడానికి చీటీలు అక్కర్లేదు. జిల్లాలో ఇలాంటి ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం ఉంది, లాయరును ఉచితంగా ఇచ్చే న్యాయసేవ ఆఫీసు ఉంది. అక్కడ 'నన్ను హింస పెడుతున్నాడు' అని చెప్పి ఊరుకోవద్దు. ఏ రోజు, ఏ జాగాలో, దేనితో కొట్టాడు, ఎవరు చూశారు, ఇవి చెప్పాలి. 'శుక్రవారం, పొయ్యి దగ్గర, అట్లకాడతో' అంటే ఆ మాటకు కాళ్లొస్తాయి. దవాఖాన చీటీ ఉంటే దాచుకోవాలి.

రూపక్కకు విరిగింది ఏ చెయ్యి? కట్టు విప్పేదాకా బరువు ఎత్తనివ్వకు.

నీ మెర్సీ

*

9 జులై 2023

బిడ్డా,

నీ ఉత్తరం రేడియోల వార్తలు చదివినట్టున్నది. కోర్టు కాగితాలు రాసి రాసి మన మాట మర్చిపోయినవా? అయినా ఇజ్జత్ దక్కింది. గురువారం సంఘం మీటింగుల చదివించిన. రూప చదివింది, దాని గొంతు మంచిది, ఇంటర్ దాకా చదివింది గద. ఒకసారి చదివితే సాలలేదు, రెండోసారి చదివించుకున్నరు. 'శుక్రవారం, పొయ్యి దగ్గర, అట్లకాడతో' అన్న కాడ లక్ష్మీనర్సమ్మ కొంగు నోట్లె పెట్టుకున్నది. దానింట్ల గూడ అట్లకాడనేనేమో!

వాళ్లకు ఇంకా అనుమానాలున్నయి. రూప ఒక కాగితం మీద రాసింది, చూసి నీకు దించుతున్న. పిల్లలు లేకుంటే గూడ కేసు పెట్టొచ్చా? పుట్టింటికి పోయినంక అక్కడి కోర్టుల పెట్టొచ్చా? ఇల్లు మొగని పేరు మీద కాదు, అత్త పేరు మీద ఉంటే ఆ ఇంట్ల ఉండనిస్తరా? ఈ ఆఖరిది ఎవలు అడిగిన్రో యాదికి లేదు. మొత్తానికి జవాబు రాయి.

రూపది ఎడమ చెయ్యి. ఎందుకడిగినవ్? సొంత మేనత్త మీద గూడ విచారణ పెట్టినవా ఏంది! మానుకుంటాంది, ఫికర్ చేయకు.

సంఘం లీడర్, మొన్నటి నుంచి సగం లాయర్,
నాగులమ్మ

*

18 జులై 2023

సగం లాయరమ్మకు వందనాలు.

పిల్లలు లేకున్నా పెట్టొచ్చు. పుట్టింట్లో ఉంటే అక్కడి కోర్టులోనూ పెట్టొచ్చు. ఇల్లు అత్త పేరు మీద ఉన్నా సరే, కోడలిగా కాపురమున్న ఇల్లయితే ఆమెను ఇష్టమొచ్చినట్టు బయటికి నెట్టే హక్కు ఎవరికీ లేదు. అవసరమనుకుంటే మేజిస్ట్రేట్ ఆమెను లోపల ఉంచి కొట్టినవాడిని గడప బయట ఉండమనొచ్చు. నా కళ్లముందే అలాంటి ఆర్డర్లు వచ్చాయి. మొగుడు మూట సర్దుకుని పోతుంటే అత్త వాకిట్లో మన్నెత్తి పోసింది ఒకసారి.

ఆ ఆఖరి ప్రశ్న అడిగినామె ఎవరో గానీ, ఆమె బుర్ర మా లాయర్లలో సగం మందికి లేదు. నేను మెచ్చుకున్నానని చెప్పు.

ఇక్కడ వానలు లేవు. నా కిరాయి గదిలో బల్లులు మాత్రం బాగా పండాయి.

నీ మెర్సీ

*

4 సెప్టెంబర్ 2023

అత్తమ్మా,

ఈ ఉత్తరం చిన్నది, తప్పుగా అనుకోకు. ఇకమీద డానియల్ బావ గురించి గానీ రూపక్క గురించి గానీ నాకు ఒక్క ముక్క కూడా రాయకు. ఎందుకని అడగకు. నేనేమీ చెప్పలేను. నీ ఆరోగ్యం రాయి, సంఘం ముచ్చట్లు రాయి, అవి చాలు.

మెర్సీ

*

14 సెప్టెంబర్ 2023

మెర్సీకి,

తప్పుగా అనుకోకు అంటే ఎట్ల అనుకోవాలె? కొడుకు, కోడలు ముచ్చట లేకుండ నా ఇంట్ల ఇంకేమున్నది రాసేటందుకు, కోడిపెట్టల ముచ్చటనా?

నాకు సమజైంది. ఆరేండ్ల కింద నిన్ను డానియల్‌కు చేసుకుందామని మీ నాయినను నేనే అడిగిన. నువ్వు చదువుకుంటనని కాదన్నవు. రూపను తెచ్చుకున్నం. ఇప్పుడు ఒంటరిగ కూసుంటే మనసు నొస్తున్నదేమో, వాళ్ల కాపురం ముచ్చట్లు చదవబుద్ధి అయితలేదేమో. గట్లనే చెప్పొచ్చు గద బిడ్డా, నీకు మంచి సంబంధం నేనే చూస్త.

రూప ఇరవై దినాల కింద పుట్టింటికి పోయింది, మీ కల్వకుర్తి పక్కకే. అన్నకు జ్వరమని చెప్పింది. రాలేదు, ఫోన్ ఎత్తుత లేదు. డానియల్ మాటిమాటికి నా మీద ఎగురుతుండు. నీ కాడికి గిట్ల వచ్చిందా? అగో, రాయొద్దన్నదే రాసిన. నువ్వు రాయొద్దంటే నా చెయ్యి ఆగుతదా?

నాగులమ్మ

*

29 సెప్టెంబర్ 2023

కోర్టు క్లర్కు మెర్సీ గారికి,

నోటీసు అందింది. మొదటి ప్రతివాది డానియల్. రెండో ప్రతివాది నాగులమ్మ. పదేండ్లు నీకు తల దువ్వి జడలేసిన నాగులమ్మ. మీ అమ్మ సచ్చిపోయిన్నాడు నిన్ను చంకనెత్తుకుని ఈ ఇంటికే తెచ్చిన నాగులమ్మ.

నువ్వు, రూప ఇద్దరు కలిసి నన్ను బాగ తిప్పిన్రు! నా సిరాతోని, నా పోస్టు బిళ్లతోని నా కోడలికి కేసు నేర్పినవు. ఎనిమిది ఊళ్ల ఆడోళ్లకు నీతులు చెప్పిన నన్ను ఇయ్యాల అందరు చూసి నవ్వుతున్రు. శకునం చెప్పే బల్లి కుడితిల పడ్డదని గాలికి మాటలు పోతున్నయి. సంఘం మీటింగుకు పోలే. గుడికి పోలే.

నా కొడుకు మందు తాగడు. ఆ పిల్ల బోరింగ్ కాడ జారిపడ్డది. నీకు జూన్లనే రాసిన గద, నా చేతిరాత నీ కాడనే ఉన్నది. ఆ ఉత్తరం తీసి మీ మేడమ్‌కు చూపియ్యి. నీ అత్త కోసం ఇప్పటిదాక ఒక్క పని చేయలే నువ్వు. ఈ ఒక్కటి చెయ్యి.

నాగులమ్మ

*

6 అక్టోబర్ 2023

అత్తమ్మా,

చూపించను.

కోపంగా ఉన్నాను కాబట్టి తిన్నగా రాస్తాను. రూపక్క నన్ను కలవలేదు, నేను ఆమెకు ఒక్క మాట చెప్పలేదు. సెప్టెంబర్ ఒకటిన నా బల్ల మీదికి వచ్చిన కాగితాల కట్టలో నీ పేరు కనబడింది. నంబరు వేయాల్సిన చేయి ఆగిపోయింది. అదే గంటలో లేచి మేడమ్ దగ్గరికి పోయి, 'ప్రతివాదులు నాకు బావ, మేనత్త' అని రాసిచ్చాను. ఆ ఫైలును రాకేష్ అనే ఇంకో క్లర్కుకు మార్చారు. ఆ రోజు నుంచి నేను దాన్ని ముట్టలేదు, ముట్టను కూడా. అందుకే నీకు ఆ చిన్న ఉత్తరం రాశాను. నువ్వు దాన్ని పెళ్లి సంబంధం దాకా తీసుకుపోయావు! బావను కాదన్నందుకు నేను ఒక్కరోజు కూడా బాధపడలేదు. ఇప్పుడైతే అసలే పడను.

కేసు నేర్పింది నేను కాదు, నువ్వే. నువ్వే అడిగావు, నేను నీకే జవాబు రాశాను, నువ్వే సంఘంలో చదివించావు. పక్కింటి కోడలికి మంచిదైన మాట మనింటి కోడలికి చెడ్డదెలా అవుతుంది? నేను మెచ్చుకున్న ఆ ప్రశ్న ఎవరు అడిగారో ఇప్పుడన్నా యాదికొచ్చిందా?

నువ్వు నన్ను పెంచావు. నీ చేతి జొన్నరొట్టె తిని ఇంతదాన్నయ్యాను. ఆ రుణం ఈ జన్మకు తీరదు, తీర్చాలని కూడా లేదు. కానీ దాన్ని అబద్ధంతో తీర్చమంటే మాత్రం తీర్చను. ఎందుకంటే అబద్ధం చెప్పినందుకు నాకు మొదటి దెబ్బ వేసింది నువ్వే, చింతబరికెతో.

నేను ఆ ఇంట్లో పదేళ్లు పెరిగాను. ఆ రెండు గదుల నడుమ తలుపు లేదు, ఒక పరదా ఉంది. అంతకన్నా నేను ఒక్క మాట కూడా రాయను.

అక్టోబర్ పదిహేడున వాయిదా. నిన్ను మూడుసార్లు పిలుస్తారు. నీకు వినబడదని నాకు తెలుసు. నేను బయటికి వచ్చి నీ చేయి పట్టుకోలేను, ఆ రోజు నీతో మాట్లాడలేను కూడా, నువ్వు పార్టీవి. కోర్టు వాకిలి కనబడే చోట నిలబడు. లోపలికి పోయాక నిన్నేమి అడిగినా నీకు తెలిసిందే చెప్పు.

కోపం ఉంది. ప్రేమ కూడా ఉంది, అది ఎక్కడికీ పోలేదు.

మెర్సీ

*

19 అక్టోబర్ 2023

అత్తమ్మకు,

నువ్వు జవాబు రాయలేదు. అయినా రాస్తున్నాను, రాయకపోతే నాకు అన్నం సహించడం లేదు.

మొన్న మీ కేసు వంతు వచ్చేముందు మేడమ్‌కు చెప్పి రికార్డు రూములోకి పోయాను. పాత ఫైళ్ల నడుమ స్టూలు వేసుకుని కూర్చున్నాను. గోడ అవతల గాలయ్య పిలవడం వినబడింది. మొదట రూపక్కను పిలిచాడు, పలికింది. డానియల్ బావను పిలిచాడు, పలికాడు. తర్వాత "నాగులమ్మా!" అన్నాడు. సప్పుడు లేదు. మళ్లీ పిలిచాడు. లేదు.

ఇక మిగిలింది మూడో పిలుపు ఒక్కటే. నువ్వు రాలేదేమో అనుకున్నాను. వచ్చి వినబడక ఏ చెట్టు కిందో నిలబడ్డావేమో అనుకున్నాను. లేచి తలుపు దాకా పోయాను. నాలుగు అడుగులు వేసి నీ భుజం తడితే అయిపోతుంది. కానీ కేసులో ఉన్న మనిషిని క్లర్కు చేయి పట్టి తీసుకొస్తే, అవతలి మనిషి ఏమనుకుంటుంది? నేను గనక ఆ అడుగు వేస్తే రూపక్కకు ఈ కోర్టులో దిక్కెవరు? వెనక్కి వచ్చి స్టూలు మీద కూర్చుని రెండు చేతులతో స్టూలునే పట్టుకున్నాను.

అప్పుడు గాలయ్య చెప్పుల సప్పుడు వినబడింది. మెట్లు దిగాడు. ఇంకా దిగాడు. దూరం నుంచి "అమ్మా, నాగులమ్మవు నువ్వేనా? రా తల్లీ, పిలుస్తున్నరు" అనడం వినబడింది. నాయిన గొంతే అనిపించింది. ఆ పాత ఫైళ్ల మీద తల పెట్టి ఏడ్చేశాను అత్తమ్మా, సిగ్గేమీ పడలేదు.

లోపల నువ్వేమి చెప్పావో నాకు తెలియదు. రాకేష్‌ను అడగలేదు, అతడూ చెప్పలేదు. సాయంత్రం కిటికీలోంచి చూస్తే నువ్వు ఒక్కదానివే బస్సు ఎక్కుతున్నావు. నా వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు. మన ఇద్దరి మధ్య అంతా అయిపోయిందనే అనుకున్నాను. అయినా సరే, నేను చేసింది తప్పని మాత్రం అనను.

ఒంటరిగా అంత దూరం పోయావు, భద్రంగా చేరావా? అది ఒక్కటి రాయి.

మెర్సీ

*

30 అక్టోబర్ 2023

నా బిడ్డ మెర్సీకి,

చేరిన. మంచిగనే చేరిన. నువ్వే రాసినవు గద, పార్టీలు క్లర్కుతోని మాట్లాడొద్దని. నేను పార్టీని. నీ దిక్కు చూస్తే ఏడుస్తనని, నిన్ను చూసి ఏడ్చిందని ఎవలన్నా నీ నౌకరీకి అడ్డమొస్తరని తల తిప్పలే. కిటికీల నువ్వున్నట్టు నాకు తెలుసు. నువ్వు తలకు పెట్టే ఆ పసుపుపచ్చ క్లిప్పు నాకు తెల్వదా!

లోపల ఏమైందో ఇప్పుడు చెప్త, ఆర్డర్ వచ్చినంక చెప్పొచ్చని మా లాయరే అన్నడు. ఆయన నాకు ఒకటే మాట నేర్పిండు. 'నాకు చెవుడు, ఏమీ వినబడలేదు అను, సాలు' అన్నడు. అది అబద్ధం గూడ కాదు. మేడమ్ నా దిక్కు వంగి, పెద్ద గొంతుతోని, "అమ్మా, మీకు వినబడదట. పక్క గదిలో జరిగింది మీకు తెలుసా?" అన్నది. డానియల్ నన్నే చూస్తుండు. వాడు చిన్నగున్నప్పుడు గట్లనే చూసేటోడు, తప్పు చేసి.

నేనన్న: "చెవులు లేవు మేడమ్, కండ్లున్నయి. జూన్ మొదటి ఆదివారం, గుడి నుంచి వచ్చినంక, నడిమింట్ల, పీటతోని. గుడిల ఎవలో రూప గొంతు బాగున్నదన్నరట, గదీ దాని తప్పు. పరదా సగం తీసే ఉన్నది. నేను బియ్యం చెరుగుతున్న. చూసిన. చాట కింద పెట్టలే."

గంతే అన్న. గా ఆఖరి మాటకు రూప నన్ను మొదటిసారి చూసింది.

ఆర్డర్ వచ్చింది. కేసు తేలేదాక డానియల్ ఈ గడప తొక్కొద్దు. తిరుమలగిరిల దోస్తు రూములుంటుండు. నాతోని మాట్లాడుత లేడు. వాడు నా కొడుకే, వాడికి వండింది రోజూ ఒక ముద్ద మిగులుతాంది. బాధ పడుతున్న గని తప్పు చేసిన అనుకుంట లేను. రూప శుక్రవారం వచ్చింది. ఇద్దరం ఇంకా ఎక్కువ మాట్లాడుకుంట లేం. నిన్న మాత్రం పచ్చిపులుసు రుచి చూసి, ఉప్పు సాలదన్నది.

ఇంకొకటి చెప్పాలె. ఆ చెవి మిషన్ ఎందుకు బియ్యం డబ్బాల పడేసిన్నో నువ్వు ఎన్నడు గట్టిగ అడగలే. ఈల వేస్తదని రాసిన. ఈల నిజమే. కానీ అది పెట్టుకుంటే పక్క గది గూడ వినబడ్తది బిడ్డా. అందుకు తీసేసిన. మొన్న దులిపి, తుడిచి, పెట్టుకున్న. ఇప్పుడు ఇంట్ల కుట్టు మిషన్ సప్పుడు వినబడుతాంది, రూప జాకెట్లు కుడుతాంది. గురువారం మీటింగుకు గూడ పోయిన. లక్ష్మీనర్సమ్మ ఏమన్నా అంటదేమో అనుకున్న. జరిగి, పక్కకు జాగా ఇచ్చింది.

నువ్వు ఫైళ్లు దారం పెట్టి కుడ్తవు గద. జూన్ల నేను రాసిన ఉత్తరం, రూప బోరింగ్ కాడ జారిపడ్డదని రాసింది, నీ కాడ ఉన్నదా? దాన్ని చింపకు. ఈ కాగితం దాని మీద పెట్టి కుట్టు. రెండు ఒక్క చేతిరాతే అని రేపు ఎవలు చూసినా తెల్వాలె.

ఇట్లు,
పిలిస్తే వచ్చిన నీ మేనత్త,
నాగులమ్మ